పదకొండో మనిషి నవ్వు

ఆ నాలుగంతస్తుల భవనం ఒకప్పుడు లాడ్జి. యుద్ధాలకి జడిసి ఊళ్ళొదిలి పారిపోయి వచ్చినవాళ్ళు తలదాచుకోవడానికి దాన్ని అప్పగించి తొమ్మిదేళ్ళు దాటింది. అయినా ప్రతి గది తలుపు వెనకా "గది ఖాళీ చేయవలసిన వేళ మధ్యాహ్నం పన్నెండు గంటలు" అన్న రేకు బోర్డు అలాగే ఉంది. పీకడానికి చూశారు కానీ మేకులు రాలేదు. కింద కౌంటరు వెనక తాళంచెవుల కొక్కేలకి ఇప్పుడు పిల్లల టోపీలు వేలాడుతున్నాయి. ఆ కౌంటరు పక్కన, మెట్ల కింద, కుట్టుమిషన్ వేసుకుని కూర్చునే ఆవిడ పేరు రిజిస్టర్లో ఏదో ఉండే ఉంటుంది. దానితో ఎవరికీ పని పడలేదు. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళతో సహా భవనమంతటికీ ఆవిడ పిన్ని.

దానంగా వచ్చే బట్టలని ఇక్కడివాళ్ళ ఒంటికి సరిపోయేలా కుట్టడం పిన్ని ఉద్యోగం. దానం చేసేవాళ్ళ మనసులు ఎంత పెద్దవో తనకి తెలీదు గానీ నడుములు మాత్రం మహా పెద్దవని ఆవిడ అంటుంది. ఒక ఏడాది ఎవరో పుణ్యాత్ముడు నలభై నల్లకోట్లు పంపాడు. అన్నీ ఆరడుగుల మనిషి కొలతే. పిన్ని వాటిలో ముప్పైతొమ్మిదింటిని కత్తిరించి పిల్లలకి కుట్టేసింది. ఆ చలికాలమంతా మెట్ల మీద ఎక్కడ చూసినా బుల్లి వకీళ్ళే.

అయితే పిన్నికి పేరు తెచ్చింది కుట్టుపని కాదు, జవాబులు చెప్పడం.

సాంఘిక సేవ చదువులు చెప్పే కాలేజీ ఒకటి ఆ ఊళ్ళోనే ఉంది. శరణార్థులకి అండగా నిలవడం ఎలాగో కనిపెట్టడానికి అక్కణ్ణించి ఏడాదికొకరు కాగితాల కట్టతో దిగేవారు. ప్రశ్నలన్నీ ఒక మూసవే. వారంలో ఎన్నిసార్లు దిగులుగా అనిపిస్తుంది? అసలు లేదా, అప్పుడప్పుడా, తరచుగానా, ఎప్పుడూనా? ఆ తర్వాత, మీకేం జరిగిందో మొదటినుంచీ చెప్పండి. అడిగేవాళ్ళు మంచివాళ్ళే, పాపం. చెప్పేవాళ్ళకే నరకం. ఒకసారి చెప్పుకుంటే వారం రోజులు అన్నం సయించదు. రెండో అంతస్తు తాతగారైతే చేతిలో ఫైలున్న మనిషి మెట్లెక్కడం చూస్తే చాలు, స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకునేవాడు. ఒకరోజు ఆయన అందులోంచి మూడు గంటలు బయటికి రాకపోతే, బయట బకెట్లతో నిలబడ్డ జనం గగ్గోలు పెట్టారు. పిన్ని వెళ్ళి తలుపు కొట్టింది.

"తాతగారూ, ఆ చెప్పేదేదో నాకు చెప్పండి. నేను వెళ్ళి వాళ్ళకి చెప్తాను. మీరు ముందు బయటికి రండి, జనం నీళ్ళు పోసుకోవాలి."

అలా మొదలైంది. చెప్పాల్సిన వంతు ఎవరికొస్తే వాళ్ళు మెట్ల కిందకొచ్చి స్టూలు మీద కూర్చునేవారు. పిన్ని తలెత్తి చూసేది కాదు, మిషన్ తొక్కుతూ ఉండేది. ఆ చప్పుడులో మనిషికి నోరు తేలిగ్గా పెగులుతుంది. ఆ మర్నాడు పిన్ని పరిశోధకుడి ముందు కూర్చుని ఆ కష్టాన్ని తన కష్టంగా చెప్పేది. అందులో ఒక్క ముక్క కల్పించేది కాదు, ఒక్క ముక్క వదిలేది కాదు. తాతగారి కథలో మీసాల సంగతి ఒక్కటీ మాత్రం, ఆడమనిషి నోట నప్పదని, వదిలేసింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ మంచినీళ్ళు తాగాలో, ఎక్కడ కొంగు కళ్ళకి తీసుకెళ్ళాలో ఆవిడకి కొట్టిన పిండి. అన్నీ అయ్యాక ఎదుటివాడి మొహం చూసి జాలిపడేది. అలా ఏడుగురు పరిశోధకులు వచ్చారు, పిన్ని ఏడు బతుకులు చెప్పింది. ఒకరికి ఆవిడ చేపలు పట్టేవాడి పెళ్ళాం, ఇంకొకరికి బడిపంతులమ్మ, మరొకరికి కవలల తల్లి. ఆ బతుకులతో పుస్తకాలు రాసినవాళ్ళంతా ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు.

ఉండటానికి శాశ్వత అనుమతి కోసం విచారణకి వెళ్ళేవాళ్ళకి తర్ఫీదు కూడా పిన్నే ఇచ్చేది. కత్తిరించకుండా దాచిన నలభయ్యో నల్లకోటు తొడుక్కుని, కౌంటరు వెనక కూర్చుని, ఆఫీసరులా గొంతు మార్చి గద్దించేది. ఆ కోటు చేతులు ఆవిడ వేళ్ళు దాటి జానెడు వేలాడేవి. అబద్ధం నేర్పించలేదు ఎవరికీ. నిజాన్ని తడబడకుండా చెప్పడం నేర్పింది. ఆవిడ చేతిలో పడిన ముప్పై ఒక్క మందీ అనుమతి కాగితంతోనే తిరిగొచ్చారు.

ముప్పై రెండో ఉత్తరం పిన్ని పేరుకే వచ్చింది. ఇంకో మూడు వారాల్లో విచారణ. ఆఫీసరు నమ్మితే శాశ్వత అనుమతి. నమ్మకపోతే తాత్కాలిక కార్డు కూడా రద్దు, అరవై రోజుల్లో వెళ్ళిపోవాలి. ఎక్కడికో ఉత్తరంలో రాయలేదు.

భవనం పగలబడి నవ్వింది. "పిన్నికి విచారణా! ఆ ఆఫీసరు పని అయిపోయినట్టే" అన్నారు. పిన్ని కూడా వాళ్ళతో కలిసి నవ్వి, గదిలోకెళ్ళి తలుపేసుకుని మంచం మీద కూలబడింది. సూదిలో దారం ఎక్కించబోతే ఎక్కలేదు. నాలుగుసార్లు ప్రయత్నించి సూది పక్కన పెట్టేసింది. ఆవిడకి భయం వేసింది. అంత భయం ఊరొదిలి వచ్చిన దారి పొడుగునా కూడా వేయలేదు.

సరిగ్గా ఆ వారమే కాలేజీ నుంచి చదువుల పిల్ల దిగింది. బక్క మనిషి, భుజాన తనకంటే బరువైన సంచి. ఈ పిల్ల పరిశోధన కాస్త వేరు. శరణార్థులనే కాదు, వాళ్ళకి సాయం చేసే ఉద్యోగులని కూడా అడుగుతుందట, మీ బాగోగులు ఎవరు చూస్తున్నారని. అందుకని ముందు ఫైళ్ళ మేడమ్‌ని పట్టుకుంది.

ఫైళ్ళ మేడమ్ అంటే సహాయ సంస్థ తరఫున ఆ భవనంలో కూర్చునే ఉద్యోగి. నూట పన్నెండు కుటుంబాల ఫైళ్ళు, వాటిలోని ఏడుపులతో సహా, ఆవిడ బల్ల మీదే ఉంటాయి. రోజంతా వినీ వినీ, సాయంత్రం ఇంటికి పోయేముందు పిన్ని స్టూలు మీద పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. పిన్ని ఏమీ అడగదు. చదువుల పిల్ల ఇచ్చిన ప్రశ్నల కాగితం పట్టుకుని ఆవిడ కూడా మెట్ల కిందకే వచ్చింది.

"పిన్నిగారూ, 'పని వల్ల ఎంత అలసిపోతున్నారు, సున్నా నుంచి నాలుగు లోపు చెప్పండి' అంటోంది. ఏం పెట్టమంటారు?"

"సున్నా పెడితే నమ్మరు. నాలుగు పెడితే నిన్ను సెలవు మీద పంపేసి, ఆ ఫైళ్ళన్నీ ఇంకెవరో అమాయకురాలి నెత్తిన పడేస్తారు. అంతటా రెండు పెట్టు. ఒక్కచోట మూడు పెట్టు, సహజంగా ఉంటుంది."

"నిజానికి నాలుగే పిన్నిగారూ."

పిన్ని మిషన్ ఆపింది. "తెలుసులేవే" అంది మెల్లిగా, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున చదువుల పిల్ల పిన్ని ఎదురుగా కూర్చుంది. ఈసారి మూడో అంతస్తు వడ్రంగి కథ వంతు. పిన్ని గుక్క తిప్పుకోకుండా, ఆగాల్సిన చోట ఆగుతూ, తాగాల్సిన చోట నీళ్ళు తాగుతూ ముప్పావుగంట చెప్పింది. పిల్ల రాసుకుంది. చివర్లో పిన్ని అలవాటు ప్రకారం ముందుకి వంగింది.

"తిన్నావా అమ్మాయ్? మొహం పీక్కుపోయింది."

పిల్ల కలం కింద పడేసి, రెండు చేతులతో నోరు మూసుకుని, కిందా మీదా పడి నవ్వింది. నవ్వి నవ్వి సంచిలోంచి లావుపాటి పుస్తకాలు తీసి బల్ల మీద పేర్చింది. ఏడు.

"పిన్నీ, రెండు నెలలు లైబ్రరీలో కూర్చుని ఇవన్నీ చదివాను. చేపలవాడి భార్య, పంతులమ్మ, కవలల తల్లి, ఇంకా నలుగురు. ఏడుగురూ చివర్లో ఒకే మాటన్నారు. తిన్నావా, మొహం పీక్కుపోయిందీ అని! ఈయనైతే" అంటూ ఒక పుస్తకం తిరగేసింది, "ఇంత కష్టంలోనూ ఎదుటివాడి ఆకలి అడగడం ఈ జనం ప్రత్యేకత అని నాలుగు పేజీలు రాసేశాడు."

పిన్ని గతుక్కుమంది. తొమ్మిదేళ్ళలో ఒక్కరికీ దొరకని మనిషి, మర్యాదకి అడిగిన ముక్క దగ్గర దొరికిపోయింది.

"అన్నీ జరిగినవేనమ్మా. అబద్ధమైతే ఒక్కటీ లేదు. ఆ కష్టం మోసింది వాళ్ళు, చెప్పింది నేను, అంతే తేడా. పై గదుల్లోకెళ్ళి అడుగు కావాలంటే."

"అడుగుతాను. వాళ్ళు సరేనంటే ఇలా ఎందుకు చేస్తున్నారో అదే రాస్తాను, పేర్లు లేకుండా. మా మేష్టారు కుర్చీలోంచి పడిపోతారు." పిల్ల నవ్వు ఆపింది. "కానీ పిన్నీ, ఈ ఏడింటిలో మీది ఏది?"

"నువ్వే కనిపెట్టు చూద్దాం. చదువుకున్నదానివి."

"కవలల తల్లి?"

"నా మొహం. నాకు పిల్లలే లేరు."

ఒక్కొక్కటే అడిగింది, ఏడూ కాదంది పిన్ని. తర్వాత మిషన్ మీద లేని దుమ్ము తుడుస్తూ చెప్పింది. "నాది వీటన్నిటికంటే ముందుది. మేం వచ్చిన కొత్తలో ఒక కళ్ళజోడు సారు టేపు పెట్టి అందరి మాటలూ ఎక్కించుకెళ్ళాడు. ఆ పుస్తకంలో చూడు, నేనుండను."

పిల్లకి ఆ పుస్తకం తెలుసు. సాయంత్రం లైబ్రరీకి పరుగెత్తి, చిట్టచివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న మాట పట్టుకుంది. "పదకొండో వ్యక్తి చెప్పిన విషయాలు నమ్మదగినవిగా లేనందున పరిగణించలేదు. భర్త గురించి చెబుతూ ఈమె పలుచోట్ల నవ్వారు."

మర్నాడు ఆ వాక్యం చదివి వినిపిస్తే పిన్ని తల ఊపింది. అప్పట్లో పుస్తకం భవనానికి వచ్చినప్పుడు చదివించుకుంది. ఆ తర్వాత జన్మలో తన సంగతి ఎవరికీ చెప్పలేదు.

"ఊళ్ళోవాళ్ళ కష్టాలకి నాకు కళ్ళల్లో నీళ్ళు ధారగా వస్తాయి. నా కష్టం దగ్గరికొచ్చేసరికి నవ్వొచ్చి చస్తుంది. నేనేం చెయ్యను? ఆ మనిషే అలాంటివాడు. ఇప్పుడు ఈ ఆఫీసరు కూడా అదే రాస్తాడు. నమ్మదగినదిగా లేదు, నవ్వింది అని. సాక్ష్యం చెప్పేవాళ్ళు లేరు, కాగితం ముక్క లేదు. నన్ను పంపించేస్తారే."

ఫైళ్ళ మేడమ్‌ పిన్ని ఫైలు తెరిచి చూసింది. వచ్చిన రోజు వరసలో నిలబెట్టి రాసుకున్నది ఒక్క వాక్యం. "భర్త ఆచూకీ లేదు." ఇక మిగిలింది తర్ఫీదే. ఆవిడ నల్లకోటు తొడుక్కుని కౌంటరు వెనక కూర్చుంది.

"మీ ఇల్లు ఎప్పుడు వదిలారు?" గంభీరంగా అడిగింది.

పిన్ని మొహం ముడుచుకుని, కొంగు సిద్ధంగా పట్టుకుని మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలు నడిచాయి. తాళం మాట దగ్గరికి రాగానే పెదవి వణికింది, బుగ్గలు ఉబ్బాయి, గుప్పున నవ్వేసింది. మళ్ళీ మొదలు. మళ్ళీ తాళం దగ్గరే. మూడోసారి దవడ లోపలివైపు గట్టిగా కొరుక్కుని తాళం దాటింది గానీ చెప్పుల దగ్గర దొరికిపోయింది. ఈసారి మేడమ్ కూడా ఆగలేక కోటు చేతుల్లో మొహం దాచుకుని కడుపు పట్టుకుంది. ఆవిడ అలా నవ్వి ఎన్ని నెలలైందో! నవ్వు తగ్గాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. విచారణ ఇంకా నాలుగు రోజులు.

ఈ లోపల చదువుల పిల్ల ఊరుకోలేదు. కళ్ళజోడు సారు రిటైరైపోయినా, ఆయన పక్కన పెట్టిన టేపులూ, వాటిని టైపు కొట్టించిన కాగితాలూ కాలేజీ ఇనపబీరువాలో మూలుగుతున్నాయి. చెప్పిన మనిషి సంతకం పెట్టి అడిగితే ఆ మనిషి మాటలు ఆ మనిషికి ఇవ్వాల్సిందేనన్న నియమం ఒకటుంది. దాన్ని అప్పటిదాకా ఎవరూ వాడుకోలేదు. పిన్ని సంతకం పెట్టింది. బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతకడానికి ఒక రోజు, బీరువాలో వెతకడానికి ఇంకో రోజు పట్టింది. మూడో రోజు పిల్ల జుట్టంతా దుమ్ముతో, పన్నెండు కాగితాలతో ఊడిపడింది.

టైపు కొట్టినామె ఎవరో గానీ మహా నిజాయితీపరురాలు. విన్నది విన్నట్టు కొట్టింది. దగ్గొస్తే బ్రాకెట్లో దగ్గు అని, నవ్వొస్తే బ్రాకెట్లో నవ్వు అని. పన్నెండు కాగితాల్లో నాలుగుచోట్ల నవ్వు ఉంది. మేడమ్ రెండుసార్లు చదివింది. మొహం వెలిగిపోయింది.

"పిన్నిగారూ, ఇదే మీ సాక్ష్యం! తొమ్మిదేళ్ళ కిందట చెప్పిందీ, ఇప్పుడు చెప్పేదీ ఒకటేనని చూపించాలి, అంతేకదా? మాటలు బట్టీ పట్టొచ్చు. నవ్వుని ఎవరు బట్టీ పడతారు? మీకు దండం పెడతాను, రేపు మాత్రం ఏడవకండి. నవ్వొస్తే నవ్వేయండి."

"ఇదెక్కడి గోలే" అంది పిన్ని. "ఇన్నాళ్ళూ నవ్వకూడదని చచ్చాను. ఇప్పుడు నవ్వు రాకపోతే?"

విచారణ గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మూలిగే ఫ్యాను ఉన్నాయి. ఆఫీసరు నడివయసు మనిషి. జలుబుతో ముక్కు ఎర్రబడింది. నల్లకోటు లేదు, నలిగిన చొక్కా. మేడమ్, చదువుల పిల్ల వెనక కుర్చీల్లో కూర్చున్నారు. ఆయన మేడమ్ ఇచ్చిన పాత పుస్తకం చివరి పేజీలోని చీమ అక్షరాలు చదివి కనుబొమలు ఎగరేశాడు. పన్నెండు కాగితాలు ముందు పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని, "చెప్పమ్మా" అన్నాడు.

పిన్ని చెప్పింది. అంతకుముందు రోజే వాళ్ళ ఇంటి వెనక గోడ మొత్తం కూలిపోయింది. వంటగదిలోంచి చూస్తే బజారు కనిపిస్తోంది. వీధిలో అరుపులు, లారీ ఎక్కమని కేకలు. వాళ్ళాయన తీరిగ్గా ముందు తలుపు వేసి, తాళం పెట్టి, రెండుసార్లు లాగి చూశాడు.

"వెనక గోడే లేదండీ!" అంది పిన్ని, గుప్పున నవ్వింది. ఆఫీసరు పెన్సిలు కాగితం మీద చిన్న గీత గీసింది.

నాలుగు వీధులు దాటాక ఆయన ఆగిపోయాడు. తాళం సరిగ్గా పడిందో లేదోనని అనుమానం. పెళ్ళయిన దగ్గర్నించీ ఏ ప్రయాణంలోనూ ఆ అనుమానం లేకుండా బండెక్కిన పాపాన పోలేదు. నువ్వు లారీ ఎక్కు, నేను చూసొచ్చి వెనక లారీలో వస్తానన్నాడు. పిన్ని మళ్ళీ నవ్వింది. పెన్సిలు మళ్ళీ గీసింది.

అప్పుడు కాళ్ళ వైపు చూసుకుంటే ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి ఆయనది. అంటే ఆయనా అంతే, ఒక కాలికి ఆడవాళ్ళ చెప్పుతో తాళం చూడటానికి పరుగెడుతున్నాడు. ఈసారి ఆఫీసరు మూతి కూడా వంకర తిరిగింది. చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంటున్నట్టు కప్పుకున్నాడు. మూడో గీత పడింది. వెనక చదువుల పిల్ల వేళ్ళు లెక్కపెడుతోంది.

"లారీ కదిలిందండీ. నలభైమందిమి నిలబడి ఉన్నాం, ఊపిరాడటం లేదు. సందు చివర్నించి ఆయన చెయ్యెత్తి అరిచాడు. టీ పెట్టి ఉంచు, ఇప్పుడే వచ్చేస్తా అని."

ఆఫీసరు పెన్సిలు నాలుగో నవ్వు మీద ఆగి ఎదురుచూసింది. ఫ్యాను మూలుగుతోంది. పిన్ని నోరు తెరిచింది. లారీలో పొయ్యెక్కడిదండీ అనాలి, నవ్వాలి. తొమ్మిదేళ్ళనాడు అక్కడే అందరికంటే గట్టిగా నవ్వింది. ఇప్పుడు రాలేదు. మేడమ్ ఒళ్ళో సంచిని గట్టిగా పట్టుకుంది. అంతా పోయిందనుకుంది.

"ఇక్కడ అప్పట్లో నవ్వారమ్మా" అన్నాడు ఆఫీసరు.

"అవునండీ."

"ఇప్పుడు?"

పిన్ని ఆయన చేతిలోని పెన్సిలు వైపు చూసింది.

"అప్పటికింకా వస్తాడనే అనుకుంటున్నానండీ."

అని, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నీళ్ళు తాగాలో ఏదీ గుర్తు రాలేదు. తన కోసం తను ఏడవడం ఆవిడకి అదే మొదటిసారి, ఎలా ఆపాలో తెలియలేదు. ఆఫీసరు నాలుగో గీత గీయలేదు. పెన్సిలు బల్ల మీద పెట్టేసి, అనుమతి కాగితం ముందుకి లాక్కుని, పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు.